రెండు వందల మిల్లీలీటర్లు

ఇరవై నిమిషాలు ఆగి రమ్మంది పరీక్ష చేసే అమ్మాయి. గోడ గడియారంలో పదకొండూ పది. పదకొండున్నరకి మళ్ళీ ఆ అద్దాల గదిలోకి వెళ్ళి, ముక్కుకి క్లిప్పు పెట్టించుకుని, అట్టగొట్టాన్ని పళ్ళ మధ్య బిగించి మూడుసార్లు ఊదాలి. అంతవరకూ నేను చేయాల్సిందేమీ లేదు, ఈ కుర్చీలో కూర్చోవడం తప్ప. నాలుగుసార్లు పీల్పించిన మందు లోపల దాని పని అది చేస్తోంది, లేదా చేయడం లేదు. పీల్చకముందు వచ్చిన అంకె ఒక లీటరు నూట ఇరవై మిల్లీలీటర్లు. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో నా ఛాతీలోంచి బయటపడిన గాలి అంత. పీల్చాక వచ్చే అంకె దానికంటే కనీసం రెండు వందలు ఎక్కువ ఉండాలి. ఉంటే ఇంజెక్షన్ ఇస్తారు, నెలకొకటి. లేకపోతే ఇవ్వరు. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు గానీ, డాక్టరమ్మ పావుగంట చెప్పిన మాటల్ని తువ్వాలు పిండినట్టు పిండితే కారింది ఇదే. ఆ ఇంజెక్షన్‌కి పైవాళ్ళు కాగితం మీద సంతకం పెట్టాలి, ఆ కాగితంలో ఒక గడి ఉంది, మందు పీల్చాక ఎంత పెరిగింది అని, ఆ గడిలో రెండు వందలకి తక్కువ రాస్తే కాగితం వెళ్ళిన దారినే తిరిగొస్తుంది.

రెండు వందల మిల్లీలీటర్లంటే ఎంతో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రయోగశాలలకి గాజు సామాను ఊదుతున్నవాణ్ణి. గొట్టాన్ని మంటలో తిప్పి, అది బెల్లప్పాకంలా మెత్తబడ్డాక రెండో కొసన ఉన్న రబ్బరు గొట్టంలోంచి ఊదితే బుడగ లేస్తుంది, ఆ బుడగ నూరు దగ్గర ఆగాలా, రెండు వందల దగ్గర ఆగాలా, అయిదు వందల దాకా పోవాలా అన్నది నా నోటికి తెలుసు, కంటి కంటే ముందు తెలుసు. అలాంటి బుడ్లు ఎన్ని వేలు ఊదానో, కాలేజీ పిల్లలు ఎన్ని వందలు పగలగొట్టారో. వాళ్ళు పగలగొట్టబట్టే మాకు పని ఉండేదని మా మామగారు నవ్వేవారు. ఇప్పుడు అలాంటి ఒక్క బుడ్డి, చిన్నది, అరచేతిలో కూర్చునేది, నా ఛాతీలోంచి అదనంగా రావాలి. అంతకంటే ఎవరూ ఏమీ అడగడం లేదు.

పక్క కుర్చీలో నా భార్య ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. సంచీలో ఆరేళ్ళ రిపోర్టులు, మందు పీల్చే మూడు రంగుల పంపులు, మంచినీళ్ళ సీసా, ఒక తువ్వాలు, మూతున్న ప్లాస్టిక్ డబ్బా. డబ్బా కఫానికి. నాకు రెండు రకాల దగ్గులున్నాయని డాక్టర్ల కంటే నాలుగేళ్ళు ముందు కనిపెట్టింది తనే. ఈల వేసే దగ్గొస్తే నీలం పంపు అందిస్తుంది. తడి దగ్గొస్తే డబ్బా అందిస్తుంది. రెండూ కలిసొచ్చిన రోజున ఏది అందించాలో తెలియక ఒక చేత్తో పంపు, ఒక చేత్తో డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడిపోతుంది. ఆ నిలబడడం నేను చూడలేను. దగ్గుతూ తల గోడవైపు తిప్పేసుకుంటాను, తను నాకు ఆయాసం ఎక్కువైందనుకుంటుంది, ఇంకా దగ్గరకొస్తుంది.

ఎదురుగా ఒకాయన చక్రాల సిలిండరు పక్కన పెట్టుకుని, ముక్కులో సన్నగొట్టాలతో, పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పడానికి ముందు ఒకసారి ఆగుతాడు. పేజీ తిప్పడం కూడా ఒక పనే అన్నట్టు ఊపిరి కూడగట్టుకుంటాడు. నేను అటు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. నాకంటే పదేళ్ళు పెద్దవాడేమో. అయిదేళ్ళేమో. కాకపోవచ్చు కూడా.

కొవ్వొత్తి ముందు కూర్చోబెట్టారు మామగారు నన్ను, పనిలో చేరిన మొదటి నెలంతా. అప్పటికి ఆయన నాకు మామగారు కాదు, మేస్త్రీ. మంట ఆరకూడదు, వంగాలి, వంగి అలాగే నిలబడాలి, నేను ఆపేదాకా. మొదటిరోజు ఉఫ్‌మని ఆర్పేస్తే, అదేమన్నా సైకిలు ట్యూబా, అంత ఊదుతున్నావ్ అన్నారు. గాజు ఊదేవాడు ఛాతీతో ఊదడు, బుగ్గలతో ఊదుతాడు. బుగ్గల్లో గాలి నిల్వ పెట్టుకుని, గాజు ఎంత అడిగితే అంత, చెంచాతో పోసినట్టు పోస్తాడు. ఛాతీ గాలి మోటు గాలి, దాన్ని గాజులోకి పంపితే బుడగ చిట్లి మొహాన పడుతుంది. ముప్పై ఏళ్ళు అలా ఊదాక నోరు ఇంకోలా ఊదడం మర్చిపోతుంది. టీ చల్లార్చినా అలాగే ఊదుతాం. ఆరేళ్ళ కిందట మొదటిసారి ఇదే అట్టగొట్టం నోట్లో పెట్టి ఊదమంటే నేను అలాగే ఊదాను, నిదానంగా, చెంచాలు చెంచాలుగా, యంత్రం పాడైపోకుండా. అప్పుడున్న టెక్నీషియన్ ఒక విసుగు మనిషి. ఊదమంటే ఊదడేమిటి ఈయన అని గొణిగి, రోగి సరిగా సహకరించలేదు అని రాసి పంపించేశాడు. ఏడాదికోసారి పరీక్ష, ఏడాదికోసారి అదే మాట. అంకె తక్కువ రావడానికి నా ఊదుడే కారణం అనుకున్నారు డాక్టర్లు, నేనూ అదే అనుకున్నాను, మామగారి శిక్షణ అంత గట్టిదని లోపల్లోపల కాస్త గర్వపడ్డాను కూడా. ఈల దగ్గు ఉంది కాబట్టి ఆస్తమా అన్నారు, ఆస్తమాకే మందులిచ్చారు. ఆ ముసుగు కింద రెండో జబ్బు నాలుగేళ్ళు తీరిగ్గా దాని పని అది చేసుకుపోయింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనైతే దొంగకి దగ్గరుండి దుప్పటి కప్పాను.

ఈ ఏడాది కొత్తగా వచ్చిన అమ్మాయి నాతో సరిగ్గా ఊదించింది. నేను తనకి కూతలమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఊదండి ఊదండి ఊదండి అని వరండా దద్దరిల్లేలా అరుస్తుంది, పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కమంటుంది, బుగ్గలు రెండు చేతులతో అదిమి పట్టుకోమంటుంది. బాబాయ్, ఇది బూర కాదు, తిట్టు, గట్టిగా తిట్టినట్టు వదలండి అంది. అప్పుడు తెలిసింది నాకు ఎలా ఊదాలో. సరిగ్గా ఊదిన రోజున కూడా అంకె పెరగలేదు. అప్పుడు స్కానింగ్ తీశారు.

డాక్టరమ్మ తెర మీద చూపించింది. నల్లటి చుక్కలు, తెల్లటి చుక్కలు, నాకేం అర్థమవుతుంది, కానీ తను ఒక గొట్టాన్ని వేలితో చూపించి, ఇది ఇలా వెడల్పై సాగిపోయింది, వెనక్కి రాదు అన్నప్పుడు మాత్రం నాకు మొత్తం అర్థమైపోయింది. గొట్టాల గురించి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. రబ్బరు గొట్టం మీద క్లిప్పు బిగిస్తే గాలి ఆగుతుంది, క్లిప్పు తీస్తే పోతుంది, గొట్టానికి ఏమీ కాలేదు. అది ఆస్తమా. గాజు గొట్టాన్ని మంటలో ఎక్కువసేపు మరిచిపోతే జారి, సాగి, గోడ పల్చబడి కుంగిపోతుంది. దాన్ని, ఊదిన గాజుని నిదానంగా చల్లార్చే కొలిమిలో ఎన్నాళ్ళుంచినా పాత గొట్టం అవదు, చెత్తబుట్టలో వేసి ఇంకోటి తీసుకోవాలి. ఇది రెండోది. ఏళ్ళ తరబడి మంట సెగ, గాజు పొడి, కుర్రతనంలో పదేళ్ళు కాల్చిన సిగరెట్లు, ఏది ఎంత అని తనూ చెప్పలేనంది. ఇప్పుడు నా గొట్టాలు కుంగిపోయినవే, వాటి మీద మళ్ళీ క్లిప్పు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంది నా భార్య బయటికొచ్చాక. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, నా ఛాతీ ఎంత విశాలమో చూశావా అన్నాను. నవ్వలేదు. నేను నవ్వబోయాను, దగ్గు వచ్చింది, తడిది, డబ్బా అందించింది.

పదకొండూ పదహారు. నిజానికి చెప్పుకోవలసిన సంగతి ఇది కాదు. చుట్టూ తిరుగుతున్నాను గానీ దాని దగ్గరకి పోవడం లేదు. ఇందాకటి మూడుసార్లూ నేను పూర్తిగా ఊదలేదు.

నిన్న స్నానానికి నీళ్ళు కాగుతుంటే తట్టింది. మందు పీల్చాక రెండు వందలు పెరగాలి. పెరిగేలా చేయడం నా చేతుల్లో లేదు. మొదటి అంకెని రెండు వందలు తగ్గించడం మాత్రం నా నోట్లోనే ఉంది. లెక్క ఎవరైనా వేయగలరు, చేయడమే కష్టం. మూడుసార్లు ఊదితే తెర మీద మూడు గీతలు పడతాయి, మూడూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి, కూర్చోకపోతే మళ్ళీ ఊదమంటుంది, ఎంతకీ కలవకపోతే ఈ పరీక్ష చెల్లదంటుంది. అబద్ధమాడేవాడు ఒకే అబద్ధాన్ని మూడుసార్లు అచ్చంగా ఒకేలా ఆడలేడని ఆ యంత్రం ధీమా. ఆ యంత్రానికి గాజు ఊదేవాడు ఇంతవరకు తగిలి ఉండడు. ఒకే కొలత బుడ్లు డజను ఊది వరసలో పెడితే ఏది ముందు ఊదానో ఏది తర్వాతో నేను కూడా చెప్పలేను, అలాంటి నోరు ఇది. పొట్ట నొక్కినట్టే నొక్కాను, కళ్ళు బిగించాను, మొహం ఎర్రబడేలా చేశాను, లోపల మాత్రం ఒక చోట ఆపాను, ఒక్క బుడ్డెడు, అడుగున, ఛాతీ కింది అరలో. అది అక్కడ ఉండడం నాకు తెలుస్తూనే ఉంది, నిండుగా, బరువుగా. మూడుసార్లూ అక్కడే ఆపాను. భలే బాబాయ్, మూడూ అచ్చు గుద్దినట్టున్నాయి అంది కూతలమ్మ, సంతోషంగా. తను అన్ని కూతలు కూసి నేర్పిన విద్యని తన మీదే వాడాను. ఆ అమ్మాయి మొహం చూడలేక ముక్కు క్లిప్పు వెతుకుతున్నట్టు నటించాను, అది నా ముక్కుకే ఉంది.

తప్పే. నిజంగా ఆ ఇంజెక్షన్ అవసరమైన మనిషి ఇంకొకరు వరసలో ఉంటారేమో, ఉంటారు. కానీ పోయిన నెల స్నానాల గదిలో నేల మీద కూర్చుని గోడ పలకల మధ్య గీతల్ని లెక్కపెట్టిన మనిషిని నేను. పధ్నాలుగు దాకా లెక్కపెట్టాను. పదిహేనోది కనిపించలేదు. ఆస్తమా ఒక్కటే ఉందనుకున్న రోజుల్లో, ఎంత పెద్ద దాడి వచ్చినా అది తగ్గాక నేను మళ్ళీ నేనయ్యేవాణ్ణి, మర్నాడు పొద్దున్నే బర్నరు ముందు కూర్చునేవాణ్ణి. ఇప్పుడు అలా కాదు. దాడికొక మెట్టు కిందకి దిగుతాను, తగ్గాక ఎక్కబోతే ఆ మెట్టు అక్కడ ఉండదు. దాడికీ దాడికీ మధ్య రోజులు మంచిరోజులేం కాదు, కఫం, జ్వరం, స్టెరాయిడ్ మాత్రలు, మాత్రలకి ఉబ్బిన మొహం, ఉబ్బిన మొహాన్ని చూసి ఒళ్ళు చేశారే అనే పక్కింటావిడ. ఈ ఏడాదిలో నాలుగుసార్లు ఆసుపత్రి. ఒక డాక్టరు పంపు ఎక్కువ వాడమంటే ఇంకో డాక్టరు తక్కువ వాడమన్నాడు, ఇద్దరూ మంచివాళ్ళే, చెరొక జబ్బుని చూస్తున్నారు. మూడు నెలల కిందట నన్ను ప్యాకింగ్ బల్ల దగ్గర వేశారు. ఎవరో ఊదిన బుడ్లని అట్టపెట్టెల్లో సర్దుతాను. నా బర్నరు దగ్గర ఒక అమ్మాయి కూర్చుంటోంది, బాగానే చేస్తుంది, కాస్త ఎక్కువ ఊదుతుంది, చెబుదామని వెళ్ళి, అక్కడిదాకా నడిచేసరికి మాట్లాడే గాలి లేక, వేలితో చూపించి వచ్చాను. ఆ ఇంజెక్షన్ రెండో జబ్బుని ఏమీ చేయదు, డాక్టరమ్మ దాచలేదు. ఆస్తమాని అదుపులో పెడుతుంది, పెట్టొచ్చు. చాలు. క్లిప్పు ఒక్కటి తీస్తే చాలు, కుంగిన గొట్టంతో నేను వేగుతాను, నాకు గొట్టాలు అలవాటే.

“లోపల మీ ఊపిరి విన్నాను,” అంది నా భార్య. సంచీ జిప్పు వైపు చూస్తూ అంది.

తలుపు వేసి ఉందిగా అన్నాను.

“చిన్నప్పుడు మా నాన్న దగ్గర విన్నాను. పెళ్ళయ్యాక మీ దగ్గర వింటున్నాను. నాకు తలుపొక లెక్కా?” సిలిండరాయన పేజీ తిప్పాడు. “ఎక్కడో ఆపారు. మూడుసార్లూ ఒకే చోట.”

తనేమో తూకంలో నాలుగు గింజలు ఎక్కువొస్తే ఎండలో వెనక్కి నడిచెళ్ళి ఇచ్చొచ్చే మనిషి. ఇప్పుడు లేచి వెళ్ళి ఆ అమ్మాయితో చెప్పేస్తుందనుకున్నాను. చెప్పేస్తే బాగుండునని కూడా ఒక్క క్షణం అనుకున్నాను, ఇంక నేను అనుకోవలసిందేమీ ఉండదు. వాళ్ళ నాన్న కూడా ఇలాగే దగ్గేవారు. ఏ కాగితం లేకుండా, ఏ అంకె లేకుండా, పనిలోంచి వచ్చి మంచం మీద వెనక్కి వాలకుండా కూర్చునే నిద్రపోయేవారు, అది ఆయన అలవాటనుకునేవాళ్ళం ఇంట్లో. అలవాటు అనుకుంటూనే ఉండగా పోయారు.

“ఆపితే ఆపారు,” అంది చాలా నెమ్మదిగా. “రెండోసారి మాత్రం ఏమీ మిగల్చకండి.”

అని నా చొక్కా భుజం మీద లేని దుమ్ము దులిపింది.

పదకొండూ ఇరవై ఆరు. మందు పనిచేస్తోందా. చేతులు సన్నగా వణుకుతున్నాయి, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటోంది, అంటే మందు వెళ్ళింది. ఛాతీ తేలికైందా. అయినట్టే ఉంది. కాలేదేమో. తెలుసుకోవడానికి ఒక పెద్ద ఊపిరి తీసుకుందామా అంటే, వద్దు, దగ్గొస్తే మొత్తం పాడవుతుంది. నేను దాచుకున్న బుడ్డెడు అక్కడే ఉంది, పక్కటెముకల కింద, తడిమితే తగిలేంత స్పష్టంగా ఉంది. నిజానికి పొద్దున్నించి రాత్రి దాకా నాకు అక్కడ నిండుగానే ఉంటుంది, కడుపు నిండా తిన్నవాడిలా. మందు వల్ల ఒక యాభై వచ్చినా కలిసొచ్చినట్టే. ఎక్కువ పెరిగితే అనుమానపడతారా, మూడు వందలు, నాలుగు వందలు పెరిగితే? అక్కడ కూడా కాస్త ఆపాలా? నవ్వొచ్చింది నాకు, దొంగకి సొమ్ము ఎక్కువై మోయలేనేమోనని బెంగ. కూతలమ్మ పిలిచింది.

గాజు గదిలో మళ్ళీ అదే కుర్చీ. కూతలమ్మ కొత్త అట్టగొట్టం తొడిగింది, క్లిప్పు పెట్టింది, బుగ్గలు పట్టుకోమంది, పట్టుకున్నాను. నిండా పీల్చండి, ఇంకా, ఇంకా, ఇంకొంచెం, ఆ, ఊదండి, ఊదండి ఊదండి ఊదండి. ఊదాను. మామగారు నేర్పినదంతా పక్కకి తోసేసి ఊదాను, చెంచా లేదు, బుగ్గ లేదు, తిట్టులా, ఈ జన్మలో ఎవరినీ తిట్టనంత గట్టిగా, ఆపిన చోటు దాటి, కింది అర తలుపు తన్ని, అక్కడున్నదంతా, వదలొద్దు వదలొద్దు అంటోంది, వదల్లేదు, కళ్ళ ముందు చుక్కలు లేచాయి, చెవుల్లో ఎక్కడో బర్నరు మంట హోరు, ఇంకా నొక్కాను, ఎంత నొక్కితే అంత మూసుకుపోతోంది లోపల, తడి గుడ్డ సంచీ మూతి బిగుసుకున్నట్టు, నొక్కాను, చాలు అంది. తెర తన వైపుంది. ఊపిరి అందాక రెండోసారి. మళ్ళీ మూడోసారి.

ఈసారి అచ్చు గుద్దినట్టున్నాయి అనలేదు. తెర నా వైపు తిప్పింది, తనంతట తానే. ఆరు గీతలు, మూడు నీలం, మూడు ఎరుపు, ఇందాకటివీ ఇప్పటివీ. ఒకదాని మీద ఒకటి. ఎరుపు కింద నీలం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఒక లీటరు నూట ముప్పై.

మళ్ళీ ఊదుతానన్నాను. ఆ అమ్మాయి నా మొహంలోకి చూసి, సరేనని గొట్టం అందించింది. ఒక లీటరు నూట పది. ఇంకోసారి అన్నాను. మాట పూర్తిగా బయటికి రాలేదు.

“వద్దు బాబాయ్. మీది ఇంతే,” అంది. అరవలేదు, చాలా మామూలుగా అంది. “ఇందాక కూడా పూర్తిగానే ఊదారు. గీత చూస్తే తెలుస్తుంది.”

లేదమ్మా, ఇందాక నేను ఆపాను, మోసం చేశాను అని చెప్పాలనిపించింది. చెప్పి ఏం చూపించను. దొంగతనం ఒప్పుకుందామంటే పోయిన సొమ్ము లేదు. ఆపానన్నది నిజం, ఆ చోటు నాకు తెలుసు, బుడ్డెడు గాలి అక్కడుంది, ఇప్పుడు కూడా ఉంది, క్లిప్పు తీసేస్తున్నప్పుడు కూడా నిండుగా తగులుతూనే ఉంది. మీకు గాలి లోపలికి పోతుంది, బయటికి రాదు, అక్కడే చిక్కుకుపోతుంది అని డాక్టరమ్మ ఆ రోజు చెబుతుంటే నేను గొట్టాల గురించి ఆలోచిస్తూ సగమే విన్నాను. నేను ఆపిందేమీ లేదు. అది ఎప్పుడూ రాదు. రాని గాలికి నేను కాపలా కాశాను.

మొహం కడుక్కోండి బాబాయ్, డాక్టరు గారి దగ్గరకి నేనే పంపిస్తాను కాగితం అంది కూతలమ్మ. గడిలో పది అని రాయడం చూశాను. గుండ్రంగా, శ్రద్ధగా రాసింది సున్నా.

తలుపు తీసేసరికి నా భార్య లేచి నిలబడి ఉంది, సంచీ భుజానికి తగిలించుకుని. ఎంత అని అడగలేదు. నేను గోడ పట్టుకుని ఊపిరి తీసుకునేదాకా ఆగింది. ఒక చెయ్యి సంచీలోకి పోయింది, ఏది తీయాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

“ఏమీ మిగల్చలేదు కదా?” అంది.

తల అడ్డంగా ఊపాను. తర్వాత, గాలి కాస్త కుదిరాక చెప్పాను.

“ఇందాక కూడా మిగల్చలేదట.”